కింది పెదవి, చివరి పన్ను

మా బ్యాండులో పాట నాది. డోలు, తాషా, సైడ్ డ్రమ్ము, రెండు ట్రంపెట్లు, అన్నీ ఉంటాయి, అందరూ చెమటలు కార్చేవాళ్లే. కానీ పెళ్లివాళ్లు వచ్చి చెవిలో ఒక పాట పేరు చెబితే దాన్ని మాటలు లేకుండా పలికించాల్సింది క్లారినెట్. ఆ క్లారినెట్ నా చేతిలో ఉంటుంది. జహీరాబాద్ చుట్టుపక్కల, ఇటు కోహీర్ నుంచి అటు కర్ణాటక సరిహద్దు దాకా, నా పాటకు చిందెయ్యని పెళ్లికొడుకు మేనమామ లేడు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, నాకేం ఫరక్ పడదు.

డిగ్రీ తెలుగు మీడియంలో పాసయ్యాను. ఉద్యోగం రాలేదు. క్లారినెట్ వచ్చింది. ఈ మూడు మాటలు చెబుతుంటే జనం రెండో మాట దగ్గరే జాలిగా మొహం పెట్టి మూడోది వినరు. అది వాళ్ల ఖర్మ.

క్లారినెట్ ఊదడమంటే బుగ్గలు ఉబ్బించడం అనుకుంటారు చాలామంది. కాదు. కింది పెదవిని కింది పళ్ల మీదికి మడవాలి. దాని మీద రీడు ఆనాలి. రీడంటే రెల్లుతో చేసిన బద్ద, కొస దగ్గర గోరు కంటే పలచగా ఉంటుంది. అది ఎంత వణకాలో చెప్పేది కింది పెదవే. పెదవి కొంచెం ఎక్కువ నొక్కితే స్వరం పైకి పోతుంది, కొంచెం వదిలితే జారిపోతుంది. వేళ్లు తప్పినా సర్దుకోవచ్చు గానీ పెదవి తప్పితే డోలు వాయించేవాడికి కూడా తెలిసిపోతుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు ముప్పై దాటాక ఎడమవైపు కింద, దవడ చివర, ఒక పన్ను రావడం మొదలుపెట్టింది. అది నిలువుగా రాకుండా పక్కకు పడుకొని వచ్చింది.

మొదట్లో చిగురు వాచేది, రెండు రోజుల్లో తగ్గేది. జామాకులు మరగబెట్టిన నీళ్లు పుక్కిలించమని మా ఆవిడ ఇచ్చేది, లవంగం పెట్టుకోమనేది. ఆమె బ్లౌజులు కుడుతుంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే నాకూ ఆమెకూ ఒకేసారి పని మీద పడుతుంది, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి తీరదు. అలాంటి రోజుల్లో కూడా నా వాచిన బుగ్గ ఆమె కంటపడేది. ఆమెకు ఒకటే అనుమానం.

"నిజం చెప్పు, తంబాకు తింటున్నవా?"

"లేదే."

"మీ బ్యాండోళ్లల్ల తిననోడు ఒక్కడు లేడు. నువ్వొక్కనివే సక్కనోనివా?"

నా అంగీ జేబులు వెతికింది, రీడ్ల డబ్బా కూడా తెరిచి వాసన చూసింది. ఏమీ దొరక్కపోయేసరికి ఇంకా కోపం వచ్చింది. దొరికి ఉంటే బాగుండేదని నాకే అనిపించింది, కనీసం ఆ గొడవ అక్కడితో తెగిపోయేది.

మా బ్యాండు పెద్దను ఉస్తాద్ అంటాం. ఒకప్పుడు క్లారినెట్ ఆయనే ఊదేవాడు. నాకు నేర్పింది ఆయనే. తర్వాత ఒక సీజన్ మొదట్లో తన క్లారినెట్ తీసి నా చేతిలో పెట్టి, తాను కర్ర పట్టుకొని ముందు నడవడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి బ్యాండులో పాట నాదైంది. నా పంటి సంగతి చెబితే ఆయన నవ్వాడు.

"అకల్ దాఢ్ రా అది. అకల్ వస్తుంటే జర నొస్తది. నీకు ఇన్నేండ్లకన్న వస్తుంది గదా, రానీయ్."

అకల్ అంటే తెలివి, అకల్ దాఢ్ అంటే జ్ఞానదంతం. బ్యాండంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, కుడివైపుతో మాత్రమే.

కార్తీకంలో ఒకసారి బుగ్గ ఉల్లిగడ్డంత అయి మెడ దాకా వాపు దిగింది. అప్పుడు మా ఆవిడ నన్ను పట్టుకొని మా వీధి చివరి పళ్ల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కుదురుగా ఉంది. కుర్చీలో పడుకోబెట్టి దీపం నోట్లోకి తిప్పి అడిగింది.

"గుట్కా తింటారా?"

"తినను మేడమ్."

"జర్దా?"

"అది కూడా లేదు."

"నేను సుత అదే అడుగుతున్న మేడమ్, చెప్తలేడు," అంది మా ఆవిడ పక్కనుంచి.

డాక్టరమ్మ సన్నని పట్టకారు తీసుకొని, సగం వచ్చిన పన్ను మీద కప్పి ఉన్న చిగురు రేకను కొంచెం ఎత్తింది. ఓరి దేవుడా, నా ప్రాణం చెవుల్లోకి వచ్చింది. ఆ రేక కింది నుంచి ఒక పుడక లాగి దూది మీద పెట్టింది.

"ఇదేంటి, చీపురు పుల్లా?"

చూడగానే గుర్తుపట్టాను. అది రీడు ముక్క.

మా పద్ధతి ఒకటుంది. రీడు తడిగా ఉంటేనే పలుకుతుంది. ఊరేగింపులో గంటల తరబడి నడుస్తూ ఊదుతుంటే రీడు మెత్తబడి చచ్చిపోతుంది, మధ్యలో మార్చాలి. కొత్తది అప్పటికప్పుడు పెడితే కిచకిచమంటుంది. అందుకని పాటకూ పాటకూ మధ్య డోళ్లు మోగే సేపు రెండో రీడును బుగ్గలో పెట్టుకొని, దాని మొదలును దవడ పళ్ల మధ్య కొరికి పట్టి నానబెడతాం. ఉస్తాద్ అలాగే చేసేవాడు, నేనూ అలాగే నేర్చుకున్నాను. నాది ఎప్పుడూ ఎడమ బుగ్గే. కొరికి కొరికి దాని మొదలు ఎక్కడో చీలి, చీలిన పుడక పోయి చిగురు కింద ఇల్లు కట్టుకుంది. ఇదంతా వివరంగా చెప్పాను. డాక్టరమ్మ ఓపికగా విన్నది.

"నోరు సామాన్లు పెట్టుకునే డబ్బా కాదండీ," అంది.

"తంబాకే నయముండె," అంది మా ఆవిడ. "కట్టె నములుడు పెట్టిండు ఈయన."

తర్వాత ఎక్స్‌రే తీసింది. డాక్టరమ్మ దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి చూపించింది. నా పన్ను అడ్డంగా పడుకొని పక్క పన్నును తోస్తూ ఉంది. ఇవాళ కాకపోయినా రేపు పక్క పన్ను కూడా పుచ్చిపోతుందనీ, పుడక తీసినంత మాత్రాన అయిపోలేదనీ, తీయించుకోవడమే మంచిదనీ చెప్పింది. వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడుతుంది, అప్పుడు తీయడం ఇంకా కష్టమంది. అంతవరకు నాకు బాధ లేదు. పన్నే కదా, పోతే పోయింది. అప్పుడు ఆమె వేలితో ఒక గీత చూపించింది.

"ఇది నరం దారి. మీ పంటి వేరు దీని మీద కూర్చున్నట్టు కనిపిస్తోంది. తీసేటప్పుడు దీనికి దెబ్బ తగిలితే కింది పెదవి, గదవ ఈ పక్క మొద్దుబారొచ్చు. చాలామందికి కొన్నాళ్లకు తిరిగొస్తుంది. కొందరికి రాదు. అయినా తినడానికి, మాట్లాడటానికి పెద్ద ఇబ్బందేమీ ఉండదు."

"ఊదడానికి?" అన్నాను.

"ఏం ఊదడానికి?"

క్లారినెట్ సంగతి మా ఆవిడ చెప్పింది. డాక్టరమ్మ ఎక్స్‌రే వైపు మళ్లీ చూసింది, ఈసారి ఎక్కువసేపు. అలాంటప్పుడు తాను ముట్టుకోననీ, సంగారెడ్డిలో దవడ ఆపరేషన్లు చేసే సర్జన్ ఉన్నాడనీ, పెద్ద స్కాన్ తీయించి ఆయనకు చూపించమనీ చెప్పి చీటీ రాసిచ్చింది.

ఇంటికి వచ్చాక నేను చేసిన పని ఏమిటంటే, ఏ పనీ చేయకపోవడం. పుడక పోయింది కదా, వాపు దిగింది. బుగ్గలో రీడు పెట్టడం మానేసి చిన్న సీసాలో తడిగుడ్డ వేసి అందులో పెట్టుకోవడం మొదలుపెట్టాను. మాఘం, ఫాల్గుణం హాయిగా గడిచాయి. పన్ను గమ్మున ఉంది కాబట్టి నేనూ గమ్మున ఉన్నాను. సంగారెడ్డి ఎప్పుడు పోదామని మా ఆవిడ అడిగితే సీజన్ అయ్యాక అనేవాణ్ని. నాలాంటివాడికి సీజన్ అంత మంచి సాకు ఇంకొకటి లేదు. నిజం చెప్పాలంటే నాకు భయం. నొప్పికి కాదు, నొప్పి ఎన్నిసార్లో చూశాను. పొద్దున లేచి అద్దం ముందు కింది పెదవిని వేలితో తట్టి చూసుకునేవాణ్ని. తెలిసేది. అది తెలియని రోజు ఎలా ఉంటుందోనని మళ్లీ తట్టేవాణ్ని.

వైశాఖంలో న్యాల్‌కల్ వైపు ఒక పల్లెలో పెళ్లి. పొద్దుటి నుంచే దవడ బిగుసుకుంటోంది. నోరు ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. మౌత్‌పీసును పక్కనుంచి దోపి ఊదాను. ఒక్కో స్వరానికి చెవిలో మేకు దిగినట్టు ఉంది. బరాత్ సగం దారిలో ఉండగా కళ్ల ముందు చుక్కలు కనిపించి నేను ఊదడం ఆపేశాను. డోళ్లు మోగుతూనే ఉన్నాయి, పాట మాత్రం లేదు. పెళ్లికొడుకు పెద్దనాన్న వెనక్కి తిరిగి అరిచాడు.

"పాట ఏడున్నదయ్యా? ఉత్త డోలుకు ఎగురుతరా ఎవరన్న?"

ట్రంపెట్ వాళ్లు ఏదో సర్దబోయారు గానీ అడిగిన పాట వాళ్లకు రాదు. ఎవడో ట్రాక్టరు మీది డీజే పెట్టెలు మోగించాడు. దానితో మా పని అక్కడే ఆగిపోయింది. జనం డీజే ముందుకు చేరిపోయారు. మేం రోడ్డు పక్కన వరుసగా నిలబడ్డాం, ఎర్ర కోట్లు, బంగారు దారాల భుజాలు, ఎండ. సిగ్గుతో చచ్చిపోయాను. ఉస్తాద్ తన నీళ్ల సీసా నాకిచ్చి అటు తిరిగి నిలబడ్డాడు.

ఇంటికి రాగానే మా ఆవిడ కుట్టు మిషను ఆపేసింది.

"ఇగ బస్. సీజన్ లేదు, గీజన్ లేదు. మెడ దాక దిగింది వాపు. రేపు ఊపిరాడకపోతే క్లారినెట్ నీ ఫోటో పక్కన పెట్టుకోవాల్నా నేను?"

డాక్టరమ్మ వారం మాత్రలు ఇచ్చి, తగ్గగానే సంగారెడ్డి పొమ్మంది. ఇప్పుడు పోకపోతే తన దగ్గరికి మళ్లీ రావద్దని కూడా అంది. మాకు ఖాళీ దొరికేది ఆషాఢంలోనే. ఆషాఢంలో మనవాళ్ల పెళ్లిళ్లు ఉండవు. ముస్లింల పెళ్లిళ్లు ఉంటాయి గానీ ఆ ఏడాది మొహర్రం కూడా అదే అమావాస్యకు మొదలైంది, ఆ నెల వాళ్లూ చేయరు. బోనాలకూ పీర్లకూ డప్పుల వాళ్లుంటారు. చావులకు మూఢం లేదు గానీ చావుకు ట్రంపెట్ ఉన్నా సరిపోతుంది. లోకమంతా మంచి పనులకు పనికిరాదని వదిలేసిన నెలలోనే మా బ్యాండు వాళ్ల మంచి పనులన్నీ జరుగుతాయి. ఇళ్లకు సున్నాలు, కండ్ల ఆపరేషన్లు, పిల్లల పుట్టువెంట్రుకలు, అన్నీ ఆషాఢమే. నా పన్నుకూ ఆషాఢమే అనుకున్నాను.

ఆ మాట చెబితే ఉస్తాద్ ఒప్పుకోలేదు.

"పీకిచ్చుకోకు," అన్నాడు.

"ఎందుకు?"

"వద్దన్న గదా. మాత్రలు మింగు, వాపు దిగుతది. ఎంతమందికి లేదు అకల్ దాఢ్? అందరు పీకిచ్చుకుంటున్నరా?"

అడిగిన ప్రతిసారీ అదే మాట. కారణం చెప్పడు. మా ఆవిడకు ఒళ్లు మండిపోయింది. వచ్చే సీజన్‌కు క్లారినెట్ ఉండదేమోనని ఆయన స్వార్థం ఆయనదని నాతో అంది. నాతో అంటే ఊరుకునేది కాదు కదా, ఒకరోజు ఆయన ఇంటికి వచ్చి చాయ్ తాగుతుంటే మొహం మీదే అడిగేసింది. ఆయనను ఆమె మామా అని పిలుస్తుంది, ఆ వావి ఆమెకు పోట్లాడే హక్కు ఇచ్చిందనుకుంటుంది.

"మామా, నీకు బ్యాండే ముఖ్యమా, ఈ మనిషి వద్దా? పాట బందయితదనే గదా నీ ఫికర్?"

ఆయన కప్పు కింద పెట్టాడు. మిషను మీద ఎవరిదో పెళ్లి బ్లౌజు, దానికి చేతికుట్టు సూది గుచ్చి ఉంది. లేచి ఆ సూది తీశాడు. మా ఆవిడ కళ్లలోకి చూస్తూ దాన్ని తన కింది పెదవికి ఎడమవైపు గుచ్చుకున్నాడు. కనురెప్ప కూడా కదల్లేదు. మా ఆవిడ "అవ్వో!" అని వెనక్కి జరిగింది. పెదవి మీద ఆవగింజంత రక్తం వచ్చింది, అది ఆయనకు తెలియలేదు. నేను నా పెదవి మీద వేలు పెట్టి చూపిస్తే అప్పుడు తుడుచుకున్నాడు.

"ఎన్నేండ్లయిందో. ఏం తెల్వది. సూది గుచ్చినా తెల్వది, చాయ్ కాలినా తెల్వది," అన్నాడు.

ఆయనదీ అదే పన్ను, అదే పక్క. ఎక్స్‌రే లేదు, ఏమీ లేదు. ఎవరో ఒకాయన కుర్చీలో కూర్చోబెట్టి పీకేశాడు. తర్వాత ఒక పెళ్లిలో క్లారినెట్ ఊదాడట.

"పాట వంకర పోయింది బిడ్డా. పోయిందని నాకు తెల్వనే లేదు. డోలోడు నా మొఖం దిక్కు చూసిండు. గప్పుడు తెలిసింది."

ఎవరికీ చెప్పలేదు. ఆ సీజన్ మొదట్లోనే క్లారినెట్ నా చేతిలో పెట్టాడు. చాయ్ తాగేటప్పుడు ఆయన మాటిమాటికీ తువ్వాలతో మూతి ఎందుకు తుడుచుకుంటాడో నాకు ఆ రోజు అర్థమైంది. ఏం కారుతుందో, కారుతుందో లేదో తెలియదు కాబట్టి, ముందుగానే తుడుచుకుంటాడు.

నాకు ఆయన మీద జాలి రావాలి. వచ్చింది కూడా, కానీ దాని కంటే ముందు ఇంకొకటి వచ్చింది. నా ఊదుడు నచ్చి ఇచ్చాడని ఇన్నేళ్లు మురిసిపోయాను. ఆ మాటే అనేశాను.

"అంటే నేను మంచిగ ఊదుతున్నానని కాదన్నమాట."

ఉస్తాద్‌కు కోపం వచ్చింది. "బేవకూఫ్! మంచిగ ఊదకపోతే ఇంకొకనికి ఇద్దును గదరా. నీకు పెదవి ఉన్నది. అది పోగొట్టుకోకని చెప్తున్న."

ఆయన వెళ్లిపోయాక మా ఆవిడ ఆ సూదిని కడిగి డబ్బాలో వేసింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటిదాకా పీకించుకొమ్మని నా ప్రాణం తీసిన మనిషి మెల్లగా అంది.

"వద్దు తియ్యి. ఉండనీయ్."

ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉంచుకుంటే వాపు మళ్లీ వస్తుంది, ఏ పెళ్లిలో దవడ బిగుస్తుందో తెలియదు. తీయించుకుంటే ఉస్తాద్ పెదవి. రెండు దారుల్లోనూ పోయేది పాటే. అన్నం పెట్టేదీ అదే, నాకు ఒళ్లు పొంగేదీ అదే. మా ఇద్దరిలో ఎవరమూ తేల్చలేకపోయాం. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే పోయి ఉస్తాద్ సంగతి మొత్తం చెప్పాను. ఏం కాదని ఆమె చెబితే బాగుండునని పోయాను.

"ఏం కాదని చెప్పను," అంది ఆమె. "గ్యారంటీ కావాలంటే మిక్సీ కొనుక్కోండి, ఏడాదిదాకా ఇస్తారు. అప్పుడు ఆయనకు చూడకుండా పీకారు. మీకు చూశాకే చేస్తారు. చూశాక వద్దనిపిస్తే సర్జనే వద్దంటాడు. ముందు పోయి కూర్చోండి, భయపడేదేదో అక్కడ పడండి."

ఆ మాట నాకు నచ్చింది. స్కాన్ తీయించుకొని సంగారెడ్డి పోయాం. సర్జన్ కంప్యూటరులో నా దవడను పనసకాయలా అటూ ఇటూ తిప్పి చూశాడు. వేరు నరాన్ని ఆనుకొనే ఉందన్నాడు. మొత్తం లాగితే ప్రమాదం ఎక్కువ. అందుకని పన్నును అడ్డంగా కోసి పై భాగం మాత్రం తీసేసి, వేర్లను ఎముకలో అలాగే వదిలేస్తానన్నాడు. వేర్ల మీద చిగురు మూసుకుపోతుంది. ఎప్పుడైనా వేర్లు పైకి కదిలితే మళ్లీ రావాల్సి ఉంటుంది, కానీ అప్పటికి నరానికి దూరం జరిగి ఉంటాయి. పెదవి పోయే ప్రమాదం ఇందులో చాలా తక్కువ, అసలే లేదని మాత్రం చెప్పలేనన్నాడు.

"సగం పన్ను పీకుడేంది సార్?" అంది మా ఆవిడ. "సగం గుండు కొట్టిచ్చినట్టు."

సర్జన్ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ సగమే నాకు పట్టుకోవడానికి దొరికింది. మెదడులో ఏ తర్కం తిరిగిందో చెప్పలేను గానీ, ఇది పూర్తిగా భయపడి చేసే పనీ కాదు, పూర్తిగా మొండికేసి చేసే పనీ కాదు అనిపించింది. ఆషాఢం ఇంకా రెండు వారాలు ఉంది. అక్కడికక్కడే రోజు పెట్టించుకున్నాను.

ఆ రోజుకు మా పాపకు జ్వరం వచ్చింది. మా ఆవిడ రాలేకపోయింది. ఉస్తాద్ పొద్దున్నే కొత్త ధోవతి కట్టుకొని బస్టాండులో నిలబడి ఉన్నాడు. నేను రమ్మని పిలవలేదు. వద్దన్నవాడు ఎందుకు వచ్చావని అడగలేదు. ఎక్స్‌ప్రెస్ బస్సులో పక్కపక్కన కూర్చున్నాం.  సంగారెడ్డి వచ్చాక ఆయన దిగుతూ, "కోసేటప్పుడు కదలకు," అన్నాడు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సూదులు ఇచ్చారు, సగం మొహం నాది కాకుండా పోయింది. మోటారు చప్పుడు తలలోనే మోగింది. నీళ్లు, దూది, దారం. అయిపోయిందన్నాడు సర్జన్. మత్తు దిగాక నొప్పి వస్తుంది, ఆ లోపలే మాత్ర వేసుకొమ్మని చెప్పి ఇచ్చాడు. పెదవి స్పర్శ సాయంత్రానికల్లా రావాలి, రాకపోతే పొద్దున ఫోన్ చేయమన్నాడు. 'రాకపోతే' అన్నది ఆయన మామూలుగానే అన్నాడు. నాకు అది ఒక్కటే వినిపించింది.

మాత్రను చేతిలో పట్టుకున్నాను, వేసుకోలేదు. నొప్పి లేస్తేనే నరం బతికి ఉందని నాకు నమ్మకం. నోటి నిండా దూది ఉంది కాబట్టి మాట్లాడే పని లేదు. మాత్ర చూపించి తల అడ్డంగా ఊపితే, ఉస్తాద్‌కు వెంటనే అర్థమైంది.

"ఏస్కోకు," అన్నాడు. "సూద్దం."

తిరుగు బస్సు సదాశివపేట దాటేదాకా ఏమీ లేదు. ఉస్తాద్ కొద్దిసేపటికోసారి చూపుడు వేలితో నా కింది పెదవిని నొక్కి, తెలుస్తుందా అన్నట్టు కనుబొమలు ఎగరేసేవాడు. నేను లేదని తలూపేవాణ్ని. ముందు సీట్లో కూర్చున్న ఆడమనిషి రెండుసార్లు తిరిగి చూసింది. ఇద్దరు మగవాళ్లు, ఒకడు ఇంకొకడి మూతి నొక్కుతూ. ఏమనుకుందో ఏమో, కొంగు సర్దుకొని ముందుకు జరిగి కూర్చుంది. వేరే రోజైతే నవ్వేవాణ్ని. అప్పుడు మాత్రం పెదవి నాది కాకుండా, ఎవరో తెచ్చి అంటించినట్టు వేలాడుతోంది. దూది తీసి ఉమ్మితే గదవ మీద కారింది. కారినట్టు తెలియలేదు, చొక్కా మీద మరక చూసి తెలుసుకున్నాను. ఉస్తాద్ తన తువ్వాలతో తుడిచాడు. రోజూ తన మూతి తుడుచుకునే తువ్వాలే అది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

బుధేరా దాటాక వాన మొదలైంది. కిటికీ షట్టరు దించుతుంటే బస్సు ఒక గుంతలో పడింది. అప్పుడు దవడ లోపల ఎక్కడో ఒక పోటు లేచింది. చిన్నది. నేను కదలకుండా కూర్చున్నాను, పోతుందేమోనని. పోలేదు. ఇంకొకటి లేచింది, చెవి దాకా పాకింది. వెంటనే గదవ దగ్గర చీమలు పాకినట్టయింది. ఆ చీమలు మెల్లగా పైకి వచ్చి పెదవి మూలకు చేరాయి. పళ్లతో పెదవి కొరికి చూశాను. తెలిసింది! అబ్బా, అంత చక్కగా నొప్పి పుడుతుందని నాకు అంతకుముందు తెలియదు. ఉస్తాద్ చేయి పట్టుకొని నా పెదవి మీద నేనే పెట్టుకున్నాను.

"నొస్తుందా?" అన్నాడు.

గట్టిగా తలూపాను.

"మస్తు నొస్తుందా?"

"మస్తు," అన్నాను నోరు పూర్తిగా తెరవకుండానే.

ఆయన నా చేతిలోంచి మాత్ర తీసుకొని, రేకు చింపి, నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. నేను మింగేదాకా చూశాడు. మూత బిగించి సీసా సంచిలో పెట్టుకున్నాడు. కోహీర్ చౌరస్తా దగ్గర బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. బస్సు కదిలాక ఆయన నా వైపు చూడకుండా అన్నాడు.

"ఆనాడు నాకు జర సుత నొయ్యలే బిడ్డా. ఎంత మంచి డాక్టరని ఊరంత చెప్పుకుంట తిరిగిన."